బేస్ ఆగిన మధ్యాహ్నం

పోయిన నెల డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మనవాళ్ళ సాంస్కృతిక సభలో మా అన్నయ్య మనవరాలు బేస్ గిటార్ వాయించింది. ఇంకా హైస్కూలు దాటని పిల్లలు నలుగురు కలిసి పెట్టుకున్న బ్యాండు అది. మిగతా ముగ్గురూ వేదిక అంచుదాకా వచ్చి ఎగురుతుంటే ఈ పిల్ల మాత్రం డ్రమ్స్ పక్కన తల వంచుకుని నిలబడి, తన నాలుగు తీగల పని తాను చేసుకుపోతోంది. అంతలో హాలు వెనక వరసల్లో ఎవరో తమ అభిమాన హీరోకు జై కొట్టారు, ఇంకెవరో ఇంకో హీరోకు అంతకంటే గట్టిగా కొట్టారు, ఆ వెంటనే ఒక కుర్చీ గాల్లోకి లేచింది. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చి, మెడలో బ్యాడ్జీలైనా తియ్యని ఇంజనీర్లు ఒకళ్ళ చొక్కాలు ఒకళ్ళు పట్టుకుని ముక్కులు పగిలేలా గుద్దుకున్నారు. ఒకడి నోట్లోంచి కారిన రక్తం వాడి బ్యాడ్జీలో నవ్వుతున్న ఫొటో మీదుగా కిందికి జారింది. మొదటి దెబ్బ పడగానే మనవరాలు అరచేతిని తీగల మీద అణిచి పెట్టింది. బేస్ ఆగిపోయింది.

నా పక్కన కూర్చున్న అన్నయ్యకు ఈ గొడవేదీ తెలియలేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి వయసుతో మందగించింది, మిషను పెట్టుకోమంటే చిరాకు. పాటను ఆయన పాదాలతో వింటాడు. బూట్లు విప్పి అరికాళ్ళు నేలకు ఆనిస్తే బేస్ ఒక్కటే ఆయన దాకా వస్తుంది. హాలంతా కేకలతో దద్దరిల్లుతున్నా పట్టనివాడు, నేల అదరడం మానగానే నా మోచెయ్యి పట్టుకుని, "ఏరా, ఎందుకాపింది పిల్ల?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆయన నన్ను చాలా ఏళ్ళ కిందట ఒకసారి అడిగాడు. అప్పుడు డెట్రాయిట్‌లో ఒక ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు.

మేము సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో పెరిగాం. పక్కింటి ఆంగ్లో ఇండియన్ గార్డుగారు డాన్సు పార్టీల్లో బేస్ వాయించేవారు, ఆ విద్య నాకు ఆయన పెట్టిన భిక్ష. ఆయన తన పాత గిటారు ఒకటి నాకిస్తే బొగ్గుల గదిలో దాచుకున్నాను. ఇంటర్ పరీక్ష తప్పిన రోజు నాన్న దాన్ని మెడ పట్టుకుని బయటికి లాగి, బట్టలుతికే బండకేసి కొట్టారు; అది తునకలయ్యాక చేతిలో మిగిలిన కర్రతో నన్ను కొట్టారు. మన తరం వాళ్ళకు ఇందులో వింతేమీ తోచదని తెలుసు, దెబ్బలు లేని ఇల్లు మన పేటలో ఎక్కడుంది? వింత ఏమిటంటే, నా మీద పడవలసిన దెబ్బల్లో సగం అన్నయ్య తన వీపుతో తిన్నాడు. సంగీతమంటే ఆయనకేమీ ఇష్టం లేదు. ఊరికే అడ్డం వచ్చి నిలబడ్డాడు.

ఆ అన్నయ్యే తరవాత మిషిగన్‌లో ఒక కార్ల కంపెనీలో ఇంజనీరై, చదువు చెప్పిస్తానని నన్ను తన దగ్గరికి పిలిపించుకున్నాడు. నేను కొన్నాళ్ళు కాలేజీకి వెళ్ళి, ఆ తరవాత వెళ్ళడం మానేసి, డెట్రాయిట్‌లో ఒక రాక్ బ్యాండులో బేస్ వాయించడానికి చేరిపోయాను. అన్నయ్య నాతో మాటలు మానేశాడు. నాకూ పౌరుషం వచ్చి ఆ ఇంటికి వెళ్ళడం మానేశాను. వదిన మాత్రం ఎవరి కారులోనో వచ్చి, నా అద్దెగది గుమ్మంలో స్టీలు క్యారియర్ పెట్టి, ముందటి వారం ఖాళీ క్యారియర్ పట్టుకుపోయేది.

అవి డెట్రాయిట్ ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడుతున్న రోజులు. జపాను కార్లు వచ్చి తమ కడుపు కొట్టాయని జనం మండిపోతూ ఉండేవారు. మేము వాయించే బార్లకు వచ్చేవాళ్ళలో చాలామంది పని పోగొట్టుకున్నవాళ్ళే. పాట వినడానికెంత వచ్చేవారో కొట్టుకోవడానికీ అంతే వచ్చేవారు. వేదికకూ జనానికీ మధ్య కోళ్ళగూటి వల కట్టి ఉండేది, సీసాలు దానికి తగిలి పగిలి, పెంకులు మా బూట్ల మీద రాలేవి. ఒకసారి మా గాయకుడి నుదురు చీలి రక్తం కళ్ళల్లోకి కారుతుంటే, అతను మైకు వదలకుండా పాట పూర్తిచేసి, అప్పుడు వల దాటి వెళ్ళి, సీసా విసిరినవాడి దవడ విరగ్గొట్టి వచ్చాడు. డ్రమ్మర్ తన డ్రమ్ము వెనక ఎప్పుడూ ఒక ఇనపరాడ్డు ఉంచుకునేవాడు. అయినా మనసు మెత్తనివాడు, మా వదిన పులిహోర తిని కళ్ళు తుడుచుకునేవాడు. కారానికో మరెందుకో నాకు తెలియదు.

ఆ బ్యాండుకు ఒకటే కట్టుబాటు: జనంలో ఏం జరిగినా వాయించడం ఆపకూడదు. మొదట్లో అది రాతిగుండె అనుకున్నాను గాని, అందులో అనుభవం ఉంది. బేస్ సంగతి మన సీలింగు ఫ్యాను లాంటిది, తిరుగుతున్నంతసేపూ ఎవరికీ పట్టదు, కరెంటు పోయి ఆగిందో, అందరూ తలెత్తి చూస్తారు. పాట సాగుతున్నంతసేపూ ఇద్దరి కొట్లాట ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఆగితే గది మొత్తం అటు తిరుగుతుంది, ఇద్దరు కాస్తా అందరూ అవుతారు. గాయకుడు ముందు నాకే చెప్పాడు, ఎవరు తప్పినా నువ్వు తప్పకు, నేల నీ చేతుల్లో ఉందని. నేను ఎన్నడూ తప్పలేదు. కళ్ళ ముందే మనుషుల పళ్ళు రాలుతుంటే చూస్తూ, వేళ్ళు తడబడకుండా వాయించాను. అలవాటైపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం మా పాట వినడానికి రికార్డు కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. ఏళ్ళ తరబడి మేము ఎదురుచూసింది ఆ గంట కోసమే. గాయకుడు మమ్మల్ని వెనక గదిలో నిలబెట్టి, మా ముఖాలవంక ఒక్కొక్కటిగా చూస్తూ, ఇవాళ ఆగినవాడు ఈ బ్యాండులో లేనట్టే అన్నాడు. నాకు ఈ దేశంలో చదువు లేదు, వేరే పని లేదు, అన్నయ్య ఇల్లు లేదు. ఉన్నదల్లా ఆ బ్యాండే.

ఆ రోజే అన్నయ్య నేను వాయించేది చూడటానికి రావాలనుకున్నాడని నాకు తెలియదు. వదిన ఎన్నాళ్ళుగానో పోరుతుంటే, శనివారం డ్యూటీ ముగించుకుని తిన్నగా అక్కడికే వచ్చాడట. ఇస్త్రీ చొక్కా, టై, చేతిలో క్యారియర్, జేబుకు కంపెనీ బ్యాడ్జీ. ఆలోచించండి, ఆ కంపెనీ వీధిలోకి నెట్టిన మనుషులతో నిండిన గదిలోకి ఆ కంపెనీ బ్యాడ్జీ పెట్టుకుని నల్లటి మనిషి ఒకడు నడిచి వచ్చాడు. బ్యాడ్జీ తియ్యాలని ఆయనకు తోచలేదు. మనవాళ్ళకు అది మెడలో దండ లాంటిది, ఎవరైనా చూస్తే గౌరవిస్తారనే అనుకుంటాం.

లైట్ల వెలుగు కళ్ళల్లో పడుతుండగా నాకు జనం సరిగా కనిపించేవారు కాదు. రెండో పాట మధ్యలో, వల అవతల ఏదో తళుక్కుమంది. వదిన క్యారియర్. అది ఒకసారి పైకి లేచి ఎవడి ముఖానో పడింది, గిన్నెలు విడిపోయి దొర్లాయి, ఆ తరవాత అవి మెరిసిన చోట ముగ్గురు నలుగురు మనుషులు కాళ్ళు ఎత్తి ఎత్తి దించుతున్నారు. కింద ఉన్నవాడు కనిపించడు. అరుస్తున్నాడేమో, నా బేస్ హోరులో వినిపించదు. చుట్టూ ఉన్నవాళ్ళు తల ఊపుతూ పాట వింటున్నారు. కట్టుబాటు చక్కగా పనిచేస్తోంది.

నేను ఆపేశాను.

గది మొత్తం ఇటు తిరిగింది. వల చింపుకుని దూకాను. బేస్‌ను మెడ పట్టుకుని, బండ దగ్గర నాన్న ఎత్తినట్టే ఎత్తి, మొదట అందినవాడి భుజం మీద వేశాను. ఎముకో కర్రో ఏది విరిగిందో అప్పుడు తెలియలేదు, రెండూ విరిగాయని తరవాత చెప్పారు. అన్నయ్య మీద బోర్లా పడ్డాను. బూట్లు నా వీపు మీద, చేతుల మీద పడుతున్నాయి. మా ఇద్దరి ముఖాలూ ఆనుకుని ఉన్నాయి, ఆయన ఎడమ చెవిలోంచి వచ్చే రక్తం నా చెంపకు వెచ్చగా తగిలింది. గాయకుడు చెప్పినట్టే ఇద్దరు కాస్తా అందరూ అయ్యారు, బల్లలు విరిగాయి. చివరికి మమ్మల్ని బయటికి లాగింది డ్రమ్మర్, ఒక చేత్తో రాడ్డు తిప్పుతూ. ఆంబులెన్సు వచ్చేలోగా గాయకుడు వచ్చి నా మూతి మీద గుద్దాడు. ఇప్పుడు నేను పెట్టుకునే ముందుపళ్ళు కట్టుడువి.

ఆసుపత్రిలో అన్నయ్య వాచిన పెదాలు కదిపి, నాతో మాటలు మానేశాక మొట్టమొదటిసారి మాట్లాడాడు.

"ఎందుకాపావురా మధ్యలో? అప్పుడప్పుడే కాస్త బాగుందనిపిస్తోంది."

"చాల్లెండి సంబడం, బాగుందట! పక్కటెముకలు విరిగితే గాని తమ్ముడి పాట బాగుండలేదు," అంది వదిన ఏడుస్తూనే. కొంగుతో ముక్కు తుడుచుకుని, "క్యారియర్ ఏదీ?" అని అడిగింది.

"వాడి మొహాన కొట్టాను," అన్నాడు అన్నయ్య, కొంచెం గర్వంగానే. "పులిహోరతో సహా."

బ్యాండు వేరే మనిషిని పెట్టుకుంది. ఏడాది తిరక్కముందే ఇంకో రికార్డు కంపెనీ ఆ బ్యాండు పాటలు విడుదల చేసింది, అందులో బేస్ వరసలు నావే, వేళ్ళు మాత్రం ఇంకొకరివి. నేను ఆ తరవాత పెళ్ళిళ్ళలో, పానశాలల్లో, రేడియో ప్రకటనల్లో పాతికేళ్ళు వాయించాను. ఆ రోజు బూట్ల కింద నలిగి వంకరగా అతుక్కున్న చిటికెనవేలుతో బతుకు గడిచింది. ఆ బారు ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుకునే ఖాళీ స్థలం ఉంది. డ్రమ్మర్ పోయాడు, వదిన పోయింది.

ట్రాయ్ హాల్లో అన్నయ్య కుడిచెవి దగ్గర నోరు పెట్టి, కొట్టుకుంటున్నారని గట్టిగా చెప్పాను.

"ఎవర్రా, తెల్లవాళ్ళా?"

"కాదన్నయ్యా. మనవాళ్ళే."

"మనవాళ్ళెందుకు కొట్టుకుంటార్రా?" అన్నాడు. నేను ఆ కుర్రాళ్ళ మెడల్లో వేలాడే బ్యాడ్జీల వంక చూశాను.

లైట్లు వేశారు, పోలీసులు వచ్చి కొందరిని తీసుకుపోయారు. మనవరాలు వేదిక దిగి మా దగ్గరికి వస్తే, భయమేసిందా, ఎందుకాపావని అడిగాను. "హర్ట్ అయ్యారు కదా చిన్నతాతా, సో ఆపేశాం. ఇట్స్ ఆబ్వియస్," అంది, ఇంత చిన్న సంగతి ఈ ముసలాయనకు తెలియదా అన్నట్టు. నాకు పళ్ళూ, వేలూ, బ్యాండూ పోయి తెలిసినది ఈ పిల్లకు అసలు సంగతే కాదు. సంతోషించాను. ఎక్కడో కొంచెం అసూయ కూడా పడ్డాను.

కాసేపటికి పిల్లలు అదే పాటను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. అన్నయ్య పాదాలు నేలకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మా రోజుల్లో మధ్యలో ఆగిన పాట ఆగినట్టే ఉండిపోయేది.