తీయకూడని చెయ్యి

నా చిన్నప్పుడు మేము అమీర్‌పేటలో ఉండేవాళ్ళం. ఇప్పుడు మైత్రీవనం వెనక కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడే సందుల్లోనే ఎక్కడో ఆ ఇల్లు ఉండేది. ఎన్నిసార్లు తిరిగి చూసినా ఆ చోటు నాకు కచ్చితంగా దొరకలేదు. ఒకే ఆవరణలో మూడు వాటాలు. ముందు వాటాలో ఇంటి యజమాని, పెద్దాయన. ఆయన్ని ఓనరు తాత అనేవాళ్ళం. మధ్య వాటా మాది. వెనక గదిలో గుంటూరు వైపు నుంచి వచ్చి, వాళ్ళన్న దగ్గర ఉంటూ నర్సింగు చదువుకుంటున్న ఒకమ్మాయి ఉండేది. నాకు ఆమె పక్కింటి అక్క. పరీక్షల ముందు కట్లు కట్టడం నేర్చుకోవడానికి ఆమెకు నా చేతులూ కాళ్ళే దొరికేవి. ఒంటి నిండా కట్లతో నేను ఆవరణంతా గర్వంగా తిరిగేదాన్ని.

మా ఇంట్లో నాన్న, నాయనమ్మ, నాన్నకు తమ్ముడైన మా చిన్నాయన ఉండేవారు. చిన్నాయన సనత్‌నగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఇంకా పెళ్ళి కాలేదు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి దింపేవాడు. నాకు పదేళ్ళున్న ఆ చలికాలం అమ్మ పురిటికని అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళింది. మా గది కిటికీ అద్దం పగిలి చాలా రోజులైంది, అట్టముక్క అడ్డం పెట్టుకుని కాలం గడుపుతున్నాం. చంటిబిడ్డ వచ్చేలోగా అద్దం వేయిస్తానని చిన్నాయన నాయనమ్మకు మాటిచ్చాడు. తనకు సెలవున్న రోజు మధ్యాహ్నం, నాన్న పనికి వెళ్ళి ఉండగా, అద్దం పలక కొని, గోనెసంచి చుట్టి, ఒక చేత్తో దాన్ని చంకలో అదిమిపట్టుకుని, ఇంకో చేత్తో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

గేటు దగ్గర తడిసిన రాళ్ళ మీద చక్రం జారింది. చిన్నాయన అద్దం మీదనే పడ్డాడు. లేచి నిలబడబోయి మళ్ళీ కూలబడ్డాడు. తొడ లోపలివైపు, గజ్జకు కొంచెం కింద తెగింది. దెబ్బ తగిలితే రక్తం కారుతుందని నాకు తెలుసు. ఇది కారడం కాదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిరి పడుతోంది.

పక్కింటి అక్క ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. తీగ మీద ఆరేసిన నాయనమ్మ చీర లాగి, ఉండచుట్టి గాయంలోకి కుక్కి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా చేతుల మీద వేసి నొక్కింది. రక్తం ఆగినట్టే అయింది. నాయనమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని శోకాలు పెడుతూనే సొమ్మసిల్లి పక్కకు ఒరిగిపోయింది. గేటు దగ్గర నలుగురు పోగయ్యారు గానీ లోపలికి ఎవరూ రాలేదు. రిక్షా తీసుకురమ్మని అక్క అరిస్తే ఒకాయన పరుగెత్తాడు. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. అక్క గేటు వైపు చూసింది, చిన్నాయన ముఖం వైపు చూసింది, ఆ తర్వాత నా వైపు చూసింది.

నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నా రెండు చేతులూ తన చేతుల కింద పెట్టించి, ఎలా నొక్కాలో చూపించింది. "నేను రోడ్డు మీదికెళ్ళి రిక్షా తెస్తాను. నేనొచ్చేదాకా చెయ్యి తియ్యకు. ఆగిందో లేదో చూద్దామని కూడా తియ్యకు" అని చెప్పి పరుగెత్తింది.

నొక్కి పట్టుకున్నాను. నా బరువెంత, నా బలమెంత. మోచేతులు వంగిపోతుంటే మళ్ళీ మళ్ళీ నిటారుగా చేసుకున్నాను. చిన్నాయన కళ్ళు తెరిచి, "ఏడ్వకు బిడ్డా, నాకేం నొప్పి లేదు" అన్నాడు. నేను ఏడుస్తున్నానన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

అంతలో ఓనరు తాత లోపలినుంచి గిన్నెడు పసుపు పట్టుకుని మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నడిచి వచ్చాడు. పాపం, ఆయనకు తెలిసిన వైద్యం అది. ఆయన పిల్లలకు దెబ్బలు తగిలినప్పుడల్లా చేసిన పని అది.

"జర చెయ్యి తియ్యి బిడ్డా, పసుపు అద్దుత" అన్నాడు.

అక్క తియ్యొద్దంది అని చెప్పాలనుకున్నాను. పెద్దవాళ్ళు చెప్పింది చేయడమే తప్ప కాదనడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఆయన ఇంకోసారి అన్నాడు. నేను చెయ్యి తీశాను.

చీర ముద్ద దానంతటదే పైకి లేచి పక్కకు పడింది. పసుపు వేసింది వేసినట్టే కొట్టుకుపోయింది. మళ్ళీ నొక్కాను గానీ ఎక్కడ నొక్కుతున్నానో తెలియలేదు, ఎంత నొక్కినా వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంది. తాత గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అక్క రిక్షాతో వచ్చింది. నేల మీద పసుపు చూసింది. రిక్షా అతని సాయంతో చిన్నాయనను ఎక్కించింది. రిక్షాలో కాళ్ళ దగ్గర కూర్చుని పిడికిలితో నొక్కి పట్టుకుంది. తల పట్టుకోవడానికి నన్ను ఎక్కించుకుంది. పంజగుట్ట వైపు ఆసుపత్రికి చేరేసరికి చిన్నాయన పిలిచినా పలకడం లేదు. లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి ఒక డాక్టరు బయటికొచ్చి అక్కతో మెల్లగా ఏదో చెప్పాడు. వాళ్ళిద్దరి ముఖాలు చూసి నాకు అర్థమైంది.

వరండా చివర కుళాయి దగ్గర అక్క నా చేతులు కడిగింది. గోళ్ళ కింద కూడా ఒక్కొక్కటే రుద్దింది. నేను చెప్పబోతే ఆపింది.

"నాకు తెలుసు. చెయ్యి తియ్యొద్దని నీకు చెప్పాను గానీ, తియ్యమనొద్దని ఆయనకి చెప్పలేదు. నిన్ను ఒంటరిగా వదిలెళ్ళింది నేను. ఆ తప్పు నీది కాదు."

సాయంత్రం నాయనమ్మ అడిగింది, ఎట్లా ఇట్లయిందని. ఓనరు తాత అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. అక్క నాయనమ్మ ముందు కూర్చుని, "రిక్షా ఎక్కించేటప్పుడు నా చెయ్యి జారిందండీ" అంది.

నాయనమ్మ ఆమె వైపు చూసి, "సదువుకున్నదానివని నీ చేతుల వెడ్తిమి" అంది. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. బావి దగ్గర అక్క కనిపిస్తే బిందె తీసుకుని లోపలికి వచ్చేసేది. నెల తిరక్కుండానే అక్కా వాళ్ళన్నా గది ఖాళీ చేశారు. వెళ్ళే రోజు నాకు చెప్పడానికి వచ్చింది. నేను మంచం కింద దాక్కున్నాను.

నేనూ నర్సునే అయ్యాను. ఎన్నో ఏళ్ళు వార్డుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పంజగుట్టలోనే ఒక ఆసుపత్రి వాళ్ళు పిలిస్తే వెళ్ళి, ప్రాణం మీదికి వచ్చే రక్తస్రావాన్ని ఎలా ఆపాలో నేర్పుతున్నాను. వైద్య విద్యార్థులు వస్తారు, నర్సులు వస్తారు. వార్డుబాయిలనూ ఆయమ్మలనూ గేటు దగ్గరి వాచ్‌మన్‌ను కూడా పంపమని నేనే పట్టుబట్టాను. రబ్బరు తొడలోకి గొట్టంతో ఎర్రనీళ్ళు వదులుతాం. గుడ్డ కుక్కి నొక్కడం ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది. అసలు పరీక్ష ఆ తర్వాత పెడతాను. వాళ్ళు నొక్కుతుండగా దగ్గరికి వెళ్ళి, పెద్ద గొంతుతో, "ఒకసారి చెయ్యి తియ్యి, చూస్తాను" అంటాను. దాదాపు అందరూ తీసేస్తారు. మార్కులు బాగా వచ్చే పిల్లలు ఇంకా త్వరగా తీస్తారు.

మొన్న యూసుఫ్‌గూడ నుంచి వచ్చే ఒక ఆయమ్మ తీయలేదు. రెండోసారి గద్దించాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "ముందుగాల మీ చెయ్యి వెట్టుండ్రి మేడం, అప్పుడు తీస్త" అంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చేతి పక్కన నా చెయ్యి పెట్టాను. అప్పుడు ఆమె తీసింది.

ప్రతి బ్యాచికీ చివర్లో చిన్నాయన సంగతి చెబుతాను. చెయ్యి తీసింది నేనేనని చెబుతాను. ఒక విద్యార్థి అడిగాడు, తీయకపోయి ఉంటే ఆయన బతికేవారా అని. నాకు తెలియదన్నాను. అంత పెద్ద రక్తనాళం తెగితే, ఆ రోజుల్లో, ఆ రిక్షాలో, ఏమయ్యేదో ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి కూడా నేను చెప్పలేను. అక్క కూడా చెప్పలేకపోయేది. అయినా ఆ తప్పు తన మీద వేసుకుని వెళ్ళిపోయింది.

నాయనమ్మ మంచాన పడ్డాక నేనే సేవ చేశాను. ఆఖరి రోజుల్లో కూడా కొడుకును తలుచుకున్నప్పుడల్లా ఆ గుంటూరు పిల్లను తిట్టేది. నేను పక్కనే కూర్చుని, జావ తాగించి, మూతి తుడిచేదాన్ని. అప్పటికి నాకు పెళ్ళయింది, ఉద్యోగం ఉంది, ఎవరికీ భయపడాల్సిన పని లేదు. అయినా చెప్పలేదు. ఇప్పుడు ముక్కూమొహం తెలియని పిల్లలకు పూస గుచ్చినట్టు చెబుతున్నాను. వాళ్ళు శ్రద్ధగా వింటారు, కొందరు కళ్ళు తుడుచుకుంటారు. ఆ మాట వినాల్సిన ఇద్దరిలో నాయనమ్మ వినకుండానే పోయింది. అక్క ఎక్కడుందో నాకు తెలియదు.