చైనుకెంత వదులు

మా ఇంటి ఎదురుగా ఉన్న మెకానిక్ షెడ్డులో చైను కడిగిన రోజున కిరసనాయిలు వాసన గాలివాటున మా వరండా దాకా వస్తుంది. తాడేపల్లిగూడెంలో కాపురం ఉంటూ ఉల్లిపాయల బస్తాల వాసనకు అలవాటుపడిపోయిన ముక్కు నాది. అయినా కిరసనాయిలూ పాత గ్రీజూ కలిసిన ఆ వాసన తగిలితే చాలు, చేతిలోని పేపరు చేతిలోనే ఉండిపోతుంది, కళ్ళ ముందు కొల్లేరు పరుచుకుంటుంది. మొన్న ఉదయం ఇద్దరు కుర్రాళ్ళు రెండు పొడుగుకాళ్ళ మోటారుసైకిళ్ళు తెచ్చి అక్కడ నిలబెట్టారు. రోడ్డు మీదా బురదలోనూ కూడా పరుగెత్తే బళ్ళట అవి. వెనక చక్రాన్ని వెనక్కి జరిపి చైను బిగించే ఏర్పాటు ఎవరి బండికి బాగుందన్న దాని మీద ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. ఈ వాదన పందొమ్మిది వందల యాభైల్లోనే విన్నాను నేను. అప్పట్లో రెండు పక్షాల తరఫునా ఒక్కరే వాదించేవారు. ఆయన ఏలూరు పశువుల ఆసుపత్రిలో మా డాక్టరు సదాశివరావుగారు.

నేను అక్కడ కాంపౌండరుగా చేరిన కొత్తలో ఆయనను చూసి ఈయన డాక్టరేమిటి అనుకున్నాను. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. నాకంటే ఎంతో పెద్దవారైనా నన్ను ‘మూర్తిగారూ’ అనే పిలిచేవారు. గేదెతో మాట్లాడినా మన్నించి మాట్లాడేవారు. ఆయన సొంత బండి యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు అమ్మేసినది. దాని వెనక చక్రం ఇరుసుకు రెండు పక్కలా నత్తగుల్లలా తిరిగిన బిళ్ళలుండేవి, వాటి అంచున గాట్లు. రెండు పక్కలా ఒకే గాటుకు తిప్పితే చక్రం వంకర పోదు. తర్వాత ఊళ్ళు తిరగడానికని ఆఫీసు ఇచ్చిన కొత్త బండికి బిళ్ళలకు బదులు పొడవాటి స్క్రూలుండేవి. దాని వెనక చక్రం స్ప్రింగుల మీద పైకీ కిందికీ ఆడేది. పాతదానికి ఆ సుఖం లేదు, గతుకు తగిలితే నడుం విరిగేది.

‘‘నత్తబిళ్ళది నిజాయితీ అండీ మూర్తిగారూ. రెండు పక్కలా సమానం. కాని గాటుకీ గాటుకీ మధ్య ఆగమంటే ఆగదు’’ అనేవారు, చెట్టు నీడన బండి పక్కన గొంతుక్కూచుని.

‘‘అయితే స్క్రూయే మేలంటారా?’’

‘‘స్క్రూ మీరు ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుందండీ. కాని కొల్లేరు బురద పట్టిందంటే తుప్పెక్కి కూచుంటుంది. ఒక పక్క తిరిగి ఒక పక్క తిరగకపోతే చక్రం అడ్డంగా నడుస్తుంది.’’

రోజూ ఇదే. నల్లజర్ల ఎర్రమట్టి దారిలో వెళ్తున్నా ఇదే, భీమడోలులో గేటు పడి రైలు కోసం ఆగినా ఇదే. నాకు ఒళ్ళు మండేది. అప్పుడు నా వయసు అలాంటిది. ఇప్పుడు ఆ గొంతు ఒక్కసారి వినిపిస్తే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ ఏడు వానలు వెనకబట్టే వేళకు కొల్లేటి లంక ఒకదానిలో పశువులకు పెద్దరోగం తగిలిందని కబురొచ్చింది. అది ఒక కొట్టంలో దూరితే ఊరంతా పాకిపోయే జబ్బు. దానికి టీకా మందు ఉంది. కాని అది చల్లగా ఉన్నంతసేపే మందు. వేడెక్కితే వట్టి నీళ్ళే. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చి, ముక్కలు చేసి, మందు సీసాలున్న ఫ్లాస్కులో నింపి, ఆ ఫ్లాస్కును ఊకపెట్టెలో దాచి కట్టాను. ఈలోగా డాక్టరుగారు కొత్త బండిని స్టాండు వేసి చైను బిగించారు. పాత బండికి ఎంత వదులు ఉంచేవారో దీనికీ అంతే ఉంచారు. చేతికి అలవాటైన కొలత మరి.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను వెనక ఎక్కాను. ఊరు దాటి గట్టు దారి పట్టేసరికి చైను సన్నగా ఈల వేసినట్టు ఏడవడం మొదలుపెట్టింది. గట్టు మీద ఒక గోతిలో దిగి లేచేసరికి టప్పున తెగి పక్క బోదె కాలవలోకి జారిపోయింది. ఎంత దేవినా బురదే చేతికొచ్చింది. బండిని అక్కడే వదిలేసి, పెట్టెను చెరో పక్కా పట్టుకుని గట్టు చివరి దాకా నడిచాం. అక్కడ మా కోసం తాటి దోనె కాచుకుని ఉంది.

డాక్టరుగారు ముందు ఎక్కి కూచున్నారు. తర్వాత నేను కాలు పెట్టగానే దోనె నీళ్ళలోకి దిగింది. ఆయన దోనె అంచునే చూస్తూ ఉండిపోయారు.

‘‘మీరు ఎక్కితే దిగిందండీ’’ అన్నారు మెల్లగా.

దోనె నడిపే మనిషి గడ వేశాడు. కిక్కిస పొదల మధ్య నీరు కదిలినట్టే లేదు. ఎక్కడో గూడబాతులు లేచాయి, వాటి నీడలు మా మీదుగా పోయాయి. తామరాకులు దోనె అడుగున రాసుకుంటూ గుసగుసలాడాయి. నీళ్ళేవో ఆకాశమేదో తెలియని ఆ వెలుగులో మేం ఎక్కడికి వెళ్తున్నామో కూడా మరిచిపోయాను. మరిచిపోనిది ఆయనే. చెయ్యి పెట్టె మీద నుంచి తియ్యలేదు.

‘‘మనం ఎక్కితే బండి కూడా అలాగే దిగుతుందండీ. వెనక చక్రం జరుగుతుంది, చైను ఇంకా బిగుసుకుంటుంది. పాత బండిలో చక్రం కదలదు కనక తెలియలేదు. దీనికి మనుషుల్ని కూచోబెట్టి చూసుకోవాలి. నత్తబిళ్ళా, స్క్రూవా అని ఇన్నాళ్ళూ కొట్టుకున్నాను. అసలు సంగతి అది కాదండీ.’’

లంక చేరేసరికి పొద్దు వాలింది. ఫ్లాస్కు మూత తీస్తే ఒక్క ఐసు ముక్క లేదు. ఆయన సీసాను అరచేతిలో పెట్టుకుని చూశారు. ఊరంతా పశువుల్ని కట్టి నిలబడి ఉంది. అందరికంటే ముందు నాగమ్మ. మొగుడు పోయాక రెండు ఎడ్ల మీదే సేద్యం నెట్టుకొస్తున్న మనిషి. ఒక ఎద్దు అప్పటికే మేత మానేసింది.

‘‘పొడిచెయ్యండి బాబూ. ఉన్న మందే పొడిచెయ్యండి’’ అంది.

‘‘ఇందులో ప్రాణం ఉందో లేదో నాకు తెలియదమ్మా. ఇది పొడిస్తే మీరు ధైర్యంగా పశువుల్ని కలిపి తోలుతారు. మందు చచ్చిపోయుంటే ఊరు ఊరంతా పోతుంది’’ అని, అందరి ఎదుటా సీసాలు పారబోశారు. ‘‘తప్పు నాది. చైను నేనే ఎక్కువ బిగించాను. రేపు వస్తాను.’’

అలా చెప్పవలసిన అవసరం ఆయనకు లేదు. బండి పాడైందంటే సరిపోయేది, ఎవరూ అడిగేవారు కాదు. మర్నాడు వేరే చైనుతో, కొత్త ఐసుతో వెళ్ళి టీకాలు వేశాం. ఊరు చాలావరకు నిలిచింది. నాగమ్మ ఎద్దు మాత్రం మేం వెళ్ళేసరికే పోయింది.

‘‘నిన్న వేసుంటే బతికేదాండీ?’’ అని ఒక్కటే అడిగింది.

‘‘చెప్పలేనమ్మా. జబ్బు అప్పటికే లోపలుంది. కాని నిన్న మందు చల్లగా తేలేకపోయింది మాత్రం నా వల్లే.’’

ఆమె మిగిలిన ఎద్దును విప్పుకుని వెళ్ళిపోయింది. తిరుగు దోనెలో ఆయన ఖాళీ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. అంత అందమైన సాయంత్రం నాకు అంత బరువుగా ఎప్పుడూ అనిపించలేదు.

అప్పటినుంచి చైను చూడాలంటే ముందు నన్ను సీటు మీద ఎక్కించేవారు, వెనక ఇంకెవరినైనా బతిమాలి కూచోబెట్టేవారు. తను నేల మీద కూచుని చైను కింద వేలు పెట్టి చూసేవారు. కొన్నాళ్ళకు మళ్ళీ ఆ లంకకే వెళ్ళి వచ్చి, గట్టు చివర ఉంచిన బండి ఎక్కాం. కదలగానే చైను మళ్ళీ చప్పుడు చేసింది. వెనక కూచోడానికి చుట్టుపక్కల మనిషి లేడు. గట్టు వార గడ్డి కోసుకుంటున్న ఆడమనిషి ఒకతె నడుం ఎత్తి చూసింది. నాగమ్మ.

డాక్టరుగారు నోరు తెరిచి అడగలేకపోయారు. ఆమే కొడవలి కింద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని వచ్చింది.

‘‘కూకోమంటారా బాబూ?’’

నా వెనక ఒక పక్కకు కాళ్ళు వేసి కూచుంది. బండి దిగింది. ఆయన ఆమె పాదాల దగ్గర బురదలో మోకాళ్ళ మీద కూచుని, చైను కింద వేలు పెట్టి, స్క్రూలు కాస్త వదులు చేశారు.

‘‘ఇప్పుడు బాగుందాండీ?’’ అంది.

‘‘బాగుందమ్మా.’’

‘‘మళ్ళీ ఓసారి చూడండి.’’

ఆయన మళ్ళీ చూశారు. చూసేదాకా ఆమె దిగలేదు.

మొన్న ఆ కుర్రాళ్ళ వాదన ఎంతకీ తెగలేదు. ఇద్దరి బళ్ళూ స్టాండు మీదే ఉన్నాయి. నాకు ఉండబట్టలేదు. కర్ర పట్టుకుని రోడ్డు దాటాను. ఒకణ్ణి స్టాండు తీసి ముందు కూచోమని, రెండోవాడి భుజం పట్టుకుని ఆ ఎత్తయిన సీటు మీదికి ఎలాగో పాకాను. ‘‘తాతగారూ, మీకెందుకండీ’’ అంటూనే ఉన్నాడు వాడు. బండి నా కింద మెత్తగా దిగింది. మెకానిక్ వంగి చైను కింద వేలు పెట్టాడు, ఆశ్చర్యపోయి స్క్రూలు వదులు చేశాడు.

‘‘సరిపోయిందండీ’’ అన్నాడు.

నేను దిగలేదు. ‘‘మళ్ళీ ఓసారి చూడు నాయనా’’ అన్నాను.