పెరుమాళ్‌కు కప్పిన పొన్నాడ

పెరుమాళ్ మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. తిరుత్తణి పక్కనున్న ఆ చిన్న టౌనులో నేతవీధికంతా ఆయనే గొంతు. టీ అంగడి బెంచీ మీద పంచె మోకాళ్ల పైకి లాగి కూర్చుని, కాయలు కాసిన వేలితో గాల్లో పొడుస్తూ రోజూ కౌన్సిలర్ని కడిగేస్తాడు. ఈసారి వానకు మురుగుకాలవ పొంగి, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతల్లోకి నీళ్లొచ్చేశాయి. అదే వీధిలో నేసే వళ్ళియమ్మ మగ్గమైతే పూర్తిగా నిలిచిపోయింది. "వార్డు సభలో నువ్వే అడుగు మామా, నీకైతేనే భయపడతారు" అని ఆమే ఆయన్ని ముందుకు తోసింది.

సభలో పెరుమాళ్ లేచి గొంతు సవరించుకున్నాడు. అంతలో కౌన్సిలర్ వేదిక దిగి ఎదురొచ్చి, "మన పెరియవరు, మన పెద్దాయన! రాండయ్యా, రాండి" అంటూ భుజాల మీద జరీ అంచు పొన్నాడ, సన్మానాల్లో కప్పే శాలువా, కప్పాడు. చప్పట్లు మోగాయి. జీవితమంతా ఎవరెవరి పెళ్లిళ్లకో చీరలు నేసినవాడికి, తన భుజాన ఒకరు బట్ట కప్పడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రొంబ సంతోషమయ్యా" అని చేతులు జోడించి కూర్చుండిపోయాడు.

బయటికొచ్చాక వళ్ళియమ్మ అడిగింది. "కాలవ మాట యాడబోయింది మామా?"

"వచ్చే సభలో అడుగుతా తల్లీ."

"అడుగుదువులే. ఆ శాలువా మాత్రం పైన అటక మీద పెట్టుకో. కింద పెడితే నీళ్లకు తడిసిపోతాది."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. పెరుమాళ్ శాలువాను మడిచి చంకలో దాచుకోబోయాడు. ఎంత మడిచినా జరీ అంచు బయటికే కనబడుతోంది.