ఖాజాకు ఇమ్మన్న సిలిండరు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరందరికీ చెప్పేది. నిజమే. కానీ ఒక్క మాట ఇన్నేళ్లుగా నోట్లోనే నానుతోంది, బరువెక్కుతోంది. నా భార్యకు చెప్పలేదు. ఖాజాకైతే అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఖాజా నా దోస్తు. తాండూరులో నాపరాళ్లు తీసి వదిలేసిన గోతిలో నాకు ఈత నేర్పినవాడు. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది క్వారీ పనులు ఆగిపోయి గోతులన్నీ వాన నీళ్లతో నిండాయి. మా పందెం ఒకటే. అడుగు దాకా మునిగి, ఎవరు ఆఖరున పైకొస్తే వాడే మొనగాడు. ఎప్పుడూ ఖాజానే. నేను పైకొచ్చి, దగ్గి, ముక్కు చీది, వాడు చచ్చిపోయాడేమోనని ఏడుపు మొదలుపెట్టాక నవ్వుతూ తేలేవాడు.

పెద్దయ్యాక ఆ ఈతే మమ్మల్ని బొంబాయి రేవుకు, అక్కణ్నుంచి అరబ్బు దేశంలోని అదన్ రేవుకు చేర్చింది. ఓడల అడుగున అంటుకున్న గుల్లలు గీకే పని. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని దిగాలి. బొంబాయిలో అందరికీ చిన్నవే, చెయ్యి పనిలో కుదురుకునేలోపు గాలి అయిపోయేది. అదన్ గోదాములో మొదటి రోజే చూశాను. పెద్దది! గోడకు ఆనించి ఉంది. అబ్బ, ఏమని చెప్పను! తట్టి చూశాను, చెవి ఆనించి చూశాను. పెళ్లిచూపుల్లో కూడా నా గుండె అంతగా కొట్టుకోలేదు. అలాంటిది అక్కడ ఒక్కటే ఉంది.

మా చేత పని చేయించే తెల్లదొర ఇంగ్లీషులో చెప్పాడు. ఖాజాకు ఉర్దూ, తెలుగు తప్ప రావు. వికారాబాద్ హైస్కూలుకు రోజూ రైల్లో పోయి చదివినవాణ్ని కనుక నాకు అర్థమైంది. పెద్దది ఖాజాకివ్వమన్నాడు. వాడిలా మనిషి భారీగా ఉంటే గాలి ఎక్కువ పీలుస్తాడట. ఆ ముక్క చెప్పి ఆఫీసుకు వెళ్లిపోయాడు.

"ఏమంటున్నడురా?" అన్నాడు ఖాజా.

"పెద్దది నన్ను కట్టుకొమ్మంటున్నడు."

"కట్టుకో మరి. నాకు ఊపిరికేం కొదువ?"

వాడే దాన్ని ఎత్తి నా వీపుకు కట్టాడు. పట్టీలు బిగించి, సరిగ్గా ఉన్నాయా అని లాగి చూశాడు. ఆ చేతులు నా వీపు మీద ఉన్నప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? నోరు ఎందుకు పెగల్లేదు?

ఎందుకంటే సంతోషం. అదే నన్ను మరీ సిగ్గుపడేలా చేస్తోంది. నీళ్లలోకి దిగాక ఒక్కసారి కూడా పైకి చూడాలనిపించలేదు. తల మీద ఊరంత ఓడ, చేతి పక్కనే చేపల గుంపులు, పీల్చినకొద్దీ వస్తున్న గాలి! అప్పుడే ఖాజా నాకంటే ముందు పైకి పోవడం చూశాను. గోతిలో ఒక్కనాడూ వాణ్ని గెలవని నేను ఏం చేశానో తెలుసా? మురిసిపోయాను. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తోంది. ఏం మనిషినో నేను!

ఖాజా రోజూ పని సగంలో వదిలి పైకొస్తున్నాడని పడవ నడిపే సరంగు దొరకు చెప్పాడు. దొర నన్ను పిలిచి, ఖాజా పెద్దదే కట్టుకుంటున్నాడా అని అడిగాడు. అవునన్నాను. ఈసారి సంతోషం కాదు, భయం. అబద్ధం బయటపడితే నన్ను పంపేస్తారని. ఊపిరి చాలని మనిషని ఖాజాను పంపేశారు.

నేను సెలవుకు వచ్చిన మెయిలు తాండూరులో ఆగదని వాడు వికారాబాద్ స్టేషన్ దాకా ఎదురొచ్చాడు. కింద ఏమేం చూశావు, ఎంతసేపున్నావు అని ఊరికి తిరిగొచ్చే బండిలో ఒకటే ప్రశ్నలు. నేనూ సిగ్గు మరిచి, చేతులు ఊపుకుంటూ చెప్పాను. ధారూర్ స్టేషన్ దాటాక మెల్లగా అన్నాడు, తన ఛాతీలోనే ఏదో లోపం ఉందని, అందుకే ఇప్పుడు గోతి నీళ్లలో కూడా దిగడం లేదని.

వాడు ఇప్పుడు అదే గోతి పక్కన రాయి కొడుతున్నాడు. వాడి ఎదుట నిలబడి నిజం చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందని మాటివ్వను. కానీ ఆ రోజు దొర అన్నదాన్ని ఖాజాకు ఎలా చెప్పి ఉండాల్సిందో ఇన్నేళ్లుగా లోపల దిద్దుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి పైకి అననివ్వండి, కాస్త ఊపిరాడుతుంది.

"పెద్దది నిన్ను కట్టుకొమ్మంటున్నడు, ఖాజా. నాకు చిన్నది చాలంట."