సరిచేసిన నడక

నారాయణగూడ కాలేజీలో యానిమేషన్ చివరి సంవత్సరం. కంప్యూటర్‌లో ఒక మనిషి బొమ్మను నడిపించడం మా ప్రాజెక్టు. పక్షవాతం వచ్చాక ఎడమకాలు ఈడుస్తూ నడిచే మా నాన్నను వీడియో తీసి, అదే నడక అచ్చంగా దించాను. ప్రదర్శన రోజు నాన్న కూడా వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు.

తెర మీద బొమ్మ నడవగానే మా సార్, "ఎడమకాలు ఈడుస్తున్నదేందమ్మా? తప్పు గదా, సరిచెయ్యి" అన్నారు.

అది మా నాన్న నడక అని చెప్పలేదు. "సారీ సార్" అని అందరి ముందే సరిచేశాను. బొమ్మ తిన్నగా నడిచింది. చప్పట్లు కొట్టారు.

చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్‌లోని ఇంటికి నడుస్తుంటే నాన్న, "నన్ను మంచిగ నడిపిచ్చినవ్ బిడ్డా" అన్నాడు.

నాకు ఏడుపు కూడా రాలేదు. సరిచేయక ముందటి ఆ పాత ఫైలును ఇప్పటికీ చెరపలేదు, తెరవనూ లేదు.