ఖాళీ కుర్చీల సభ

మా ఉపన్యాసం వినడానికి వచ్చిన జనాన్ని అసలు రానేలేదని విశ్వవిద్యాలయం కాగితం మీద రాసింది. ఇది తప్పు. ఆనాడూ అన్నాను, ఈనాడూ అంటున్నాను.

1930ల నడిమి మాట. నేనప్పుడు విశ్వవిద్యాలయ ప్రచార విభాగంలో చిన్న ఉద్యోగిని. చదువు నా అంతట నేను నేర్చుకున్నదే. ‘ఎక్స్‌టెన్షన్ లెక్చర్’ అని ఒకటుండేది. కాలేజీకి రాలేనివాళ్ళ దగ్గరికి కాలేజీయే వెళ్ళి పాఠం చెప్పడమన్నమాట. ఏర్పాట్లన్నీ నావి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో హాళ్ళు నిండాయి. కొల్లేటి లంకలకూ వెళ్ళాలని పట్టుబట్టాను.

మండవల్లి వైపు నుంచి పడవలో ఒక లంక ఊరికి కుర్చీలూ, మేజిక్ లాంతరూ తీసుకెళ్ళాం. గాజు పలకల మీది బొమ్మలను తెర మీద పెద్దవి చేసి చూపే దీపమది. ఒడ్డున కుర్చీలు వేశాం. పొద్దుగూకేసరికి చుట్టుపక్కల లంకల నుంచి దోనెలొచ్చి ఒడ్డు పొడవునా ఆగాయి. ఎవరూ దిగలేదు. ఆ ఊరివాళ్ళు కూడా చూరుల కింద నిలబడే ఉన్నారు. మా లెక్చరర్‌గారు విసుక్కుని, కుర్చీలవైపే చూస్తూ లండన్ నగరం గురించి మొదలుపెట్టారు.

కాసేపటికి ఒక దోనెలోంచి ఆడగొంతు వినిపించింది. “ఏవండీ, ఆ కుర్చీలకి చెప్పేదేదో కాస్త మాకూ వినపడేలా చెప్పండి!”

నీళ్ళ మీద నవ్వులే నవ్వులు. ఆవిడే మళ్ళీ అంది. “లండను బాగుందండీ. మా ఇళ్ళల్లో కలరా ఎందుకొస్తందో అది చెబుదురూ. నిరుడు మా చెల్లెలు పోయింది.”

లెక్చరర్‌గారు మెత్తబడ్డారు. “అది వేరే పాఠమమ్మా. వానలకు ముందే వచ్చి చెబుతాం” అన్నారు.

సభ ముగిశాక ఊరిపెద్ద గంగయ్యగారిని అడిగాను, ఎవరూ కూర్చోలేదేమని.

“పొరుగు లంకోళ్ళు దిగమంటేగాని దిగరండి. సభ మీది, పిలవాల్సింది మీరు. వచ్చినోళ్ళు కూర్చోకుండా మావోళ్ళెలా కూర్చుంటారండీ?”

“ముందే చెప్పొచ్చు కదండీ!”

“అతిథులకి మర్యాదలు నేర్పుతామా అండీ?” అని చెరువంత నవ్వు నవ్వాడాయన.

తిరిగొచ్చాక లెక్చరర్‌గారి నివేదిక చూశాను. ‘కుర్చీలు ఖాళీ. శ్రోతలు లేరు.’ దాన్ని పట్టుకుని లంకల ఉపన్యాసాలన్నీ రద్దు చేశారు.

“అంత జనం కనబడలేదాండీ?” అని ఆ లెక్చరర్‌గారినే అడిగాను.

“పడవల్లో వాళ్ళు దారినపోయేవాళ్ళు. సభలో కూర్చుంటేనే శ్రోతలు.”

“మరి ఆవిడకు మాటెందుకిచ్చారు? దారినపోయేవాళ్ళకు వానలకు ముందే వస్తామని చెబుతామా?”

అక్కడితో నేనూరుకోలేదు. రిజిస్ట్రార్‌గారికి రాశాను, జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఆకాశంలో మబ్బులు కనబడితే చాలు, నాకా దోనెలో గొంతే వినిపించేది. చివరికి ఆయన గదిలోకే వెళ్ళి, గంగయ్యగారి మాటలు ఉన్నవున్నట్టు చెప్పి, మనం పిలవకపోవడం మన తప్పన్నాను.

తర్వాత ఆ విభాగానికే అధికారినయ్యాను. ఏ సభకు జనం రాలేదన్నా నేను మొదట అడిగేది ఒకటే: వాళ్ళను ఎవరు పిలిచారు, ఎలా పిలిచారు? అది నేర్పింది ఆ లంకే.

రిజిస్ట్రార్‌గారు మాత్రం ఆ రోజు అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇలా అన్నారు:

“కలరా పాఠానికి డాక్టరుగారిని తీసుకుని ఈ వారమే వెళ్ళండి. కుర్చీలు వద్దు. ముందు ఒడ్డున నిలబడి, దిగండమ్మా అని పిలవండి.”