ట్యూమర్ అని సంబరపడిన రోజు

1990, చలికాలం. ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్లోని ఒక ఆసుపత్రిలో నేను సోనోగ్రాఫర్‌ని, అంటే అల్ట్రాసౌండ్ తీసే మనిషిని. అప్పుడే మా విభాగానికి కలర్ డాప్లర్ మిషన్ కొత్తగా వచ్చింది. అంతవరకు నలుపు తెలుపుల్లో చూసిన ఒంట్లో ఇప్పుడు పారే రక్తం ఎరుపు, నీలం రంగుల్లో కనిపిస్తుంది. మా ఆనందం అంతా ఇంతా కాదు. టీ తాగడానికి వచ్చినవాళ్లను కూడా వదలకుండా పట్టుకుని మెడ మీద జెల్ రాసి చూసేవాళ్లం. నా మెడ నేనే చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆ సందట్లో సునీత వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి. వెంట వచ్చిన భర్త రవి ఇక్కడి యూనివర్సిటీలో లెక్చరర్. ఒళ్లో మూడు నెలల పాప. పాప ఎడమకంటి పైరెప్ప మీద రేగుపండంత ఎర్రటి వాపు. ఆ బరువుకి రెప్ప వాలి, కన్ను దాదాపు మూసుకుపోయింది. పసిపిల్లల కన్ను చూస్తూ ఉంటేనే చూడటం నేర్చుకుంటుంది. వారాల తరబడి మూతపడి ఉంటే, తర్వాత వాపు పోయినా ఆ కంటికి చూపు సరిగా రాకపోవచ్చు. డాక్టర్ల తొందరంతా అందుకే.

పిల్లల్లో ఇలాంటి రక్తనాళాల వాపులు ముఖ్యంగా రెండు రకాలు. వాస్క్యులర్ మాల్‌ఫార్మేషన్ అంటే కడుపులో ఉండగానే నాళాలు తప్పుగా అల్లుకోవడం. అది పుట్టుకతో వస్తుంది, దానంతటది పోదు. రెండోది హీమాంజియోమా. ఇది రక్తనాళాల కణాలు పెరిగి కట్టిన గడ్డ, అంటే ట్యూమరే. మామూలుగా పుట్టిన కొన్ని వారాలకు బయటపడి గబగబా పెరుగుతుంది, ఆ తర్వాత కొన్నేళ్లలో తనే కరిగిపోతుంది. తొందరగా తగ్గాలంటే స్టెరాయిడ్ మందు చాలామందికి పనిచేస్తుంది. మొదటి రకానికి ఆ మందు పనిచేయదు. సునీత ప్రతి డాక్టరుకీ "పుట్టుకతోనే ఉంది" అని చెప్పింది. అందుకే సర్జన్ మొదటి రకమే అనుకుని, రెప్ప కోయాల్సి వస్తుందేమోనన్నాడు. అంత చిన్న రెప్ప మీద కత్తి!

పాపకి పాలు పట్టించి, మిషన్ ప్రోబ్ మెల్లగా రెప్ప మీద ఆనించాను. తెర మీద రంగులు చిమ్మాయి! పక్కగదిలో ఉన్న రేడియాలజిస్టు పీటర్‌ని కేకేశాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గడ్డ గట్టిగా ఉంది, నిండా నాళాలే. హీమాంజియోమాలాగే ఉంది. కానీ మాల్‌ఫార్మేషన్లలోనూ ఒక రకంలో రక్తం ఇలాగే ఉరుకుతుంది. పుట్టుకతో ఉందంటున్నారు కదా, అదే నాకు అడ్డొస్తోంది. మీ భాషలో ఇంకోసారి అడిగి చూడు" అన్నాడు.

"సునీతా, పుట్టినరోజే చూశావా దీన్ని?" అన్నాను.

"పుట్టుకతోనే ఆంటీ. ఐ టోల్డ్ దెమ్ ఆల్రెడీ."

"నువ్వు కళ్లారా చూశావా అని అడుగుతున్నా."

ఒక్కసారిగా ఏడుపందుకుంది. "చూడకపోతే ఏంటాంటీ, నాకు తెలుసుగా! కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టిందిగా. మర్చిపోయి పొద్దున్నే బ్యాక్‌యార్డ్‌లోకెళ్లి బట్టలు తెచ్చుకున్నా. ఫోన్లో చెప్తే అత్తయ్యగారు, అది గ్రహణం మచ్చే, కడుపులోనే పడుంటుంది అన్నారు. నేనే చేశానాంటీ దీనికి."

అంత దూరం నుంచి ఫోన్లో రోగం తేల్చేసిన ఆ అత్తగారి మీద నాకు ఒళ్లు మండింది. ఇక్కడ మేము మిషన్లు పెట్టుకుని తలలు పట్టుకుంటున్నాం!

"బారసాల చేశారా? ఆ రోజు పాపకి కాటుక ఎవరు పెట్టారు?"

"నేనే."

"పెడుతున్నప్పుడు రెప్ప మీద ఏమైనా ఉందా?"

ఏడుపు ఆపి ఆలోచించింది. "లేదు... లేదాంటీ. నున్నగానే ఉంది."

గోడకి ఆనుకుని ఉన్న రవి ముందుకొచ్చాడు. "ఫొటోలున్నాయాంటీ. బారసాలదాకా తీయొద్దని పెద్దవాళ్లు అన్నారని ఆ రోజే తీశాం. క్లోజప్ కూడా ఉంది."

"మరింకా నిలబడ్డావేం? కారు తియ్యి!"

రవి వచ్చేదాకా నా కాలు ఒకచోట నిలవలేదు. ఫొటో లైటు కింద పెట్టాం. బుగ్గన దిష్టిచుక్క, కళ్లనిండా కాటుక, రెండు కళ్లూ చక్కగా విచ్చుకుని చూస్తోంది పాప. ఎడమరెప్ప మీద మచ్చ లేదు, చుక్క లేదు. పీటర్ భూతద్దం పెట్టి చూసి నవ్వాడు.

"ట్యూమరే! ట్యూమర్!" అని అరిచి గంతేశాను.

సునీత మొహం పాలిపోయింది. "ట్యూమరా?"

గబుక్కున దాని చేతులు పట్టుకున్నాను. "కాన్సర్ కాదే తల్లీ! కరిగిపోయే రకం. మందుంది. కడుపులో పడింది కాదిది, బారసాల తర్వాత వచ్చింది. నీ బట్టలకీ దీనికీ ఏ సంబంధం లేదు!"

ఇంకా ఏడ్చింది గానీ, ఆ ఏడుపు వేరు. పీటర్ అప్పటికే సర్జన్‌కి ఫోన్ కలుపుతున్నాడు.

స్టెరాయిడ్ మొదలుపెట్టారు. కొన్ని వారాల్లోనే వాపు మెత్తబడి రెప్ప పైకి లేచింది. బ్రిస్బేన్ కంటి డాక్టరు చూపు బాగుందన్నాక, సునీత పాపని నాకు చూపించడానికి తెచ్చింది. నేను తాళంచెవుల గుత్తి ఆడిస్తే రెండు కళ్లతోనూ వెంటాడింది. నేను ఏడవలేదంటే అబద్ధం.

అప్పటి నుంచి ఏ తల్లి వచ్చినా "ఎప్పటి నుంచి ఉంది?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టను. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, దేనికి భయపడుతున్నావు అని కూడా అడుగుతాను. తన మీద నేరం వేసుకున్న తల్లి, జరగనిది కూడా జరిగిందనే చెబుతుంది. ఆ సంగతి ఏ మిషన్లోనూ కనిపించదు.

కొన్నేళ్లకి సునీత మళ్లీ కడుపుతో ఉంది. ఒకరోజు ఫోన్ చేసింది.

"ఆంటీ, ఇవాళ గ్రహణమట. అత్తయ్యగారు లోపలే ఉండమన్నారు."

"మరి నువ్వేం చేశావు?"

"గ్రహణం పట్టాకే బయటికెళ్లి, బట్టలన్నీ తీసుకుని ఇప్పుడే లోపలికొచ్చా. గడ్డిలో పడ్డ క్లిప్పులు పాప ఏరింది. ఒక్కటి కూడా వదల్లేదు ఆంటీ."